డేటాబేస్ కనెక్షన్‌ను తెంచకుండా ఉంచితే ఏం జరుగుతుంది: వెబ్ సర్వర్లలో పర్సిస్టెంట్ కనెక్షన్ల పనితీరు

వెబ్ అప్లికేషన్‌లో ఒక రిక్వెస్ట్ ఆయుష్షు చాలా చిన్నది. బ్రౌజర్ అడిగినది పంపగానే దాని పని ముగుస్తుంది. ఆ తర్వాత వచ్చే రిక్వెస్ట్ అదే వ్యక్తి నుంచి వచ్చినా సర్వర్ దృష్టిలో కొత్తదే. డేటాబేస్ సర్వర్ నడక ఇందుకు భిన్నం. ఒకరు లాగిన్ అయి, ట్రాన్సాక్షన్లు (మొత్తంగా పూర్తయ్యే లేదా మొత్తంగా రద్దయ్యే ఆదేశాల సమూహాలు) మొదలుపెట్టి ముగిస్తూ, తాత్కాలిక టేబుళ్లు సృష్టించుకుంటూ, తమకు కావలసిన సెట్టింగులు మార్చుకుంటూ గంటల తరబడి కొనసాగే సెషన్‌ను దృష్టిలో పెట్టుకొని దాని ప్రోటోకాల్ రూపొందింది. క్షణాల్లో ముగిసే రిక్వెస్ట్‌కూ, గంటలపాటు సాగగల సెషన్‌కూ మధ్య ఉన్న ఈ అంతరాన్ని పూడ్చడానికి వచ్చినదే పర్సిస్టెంట్ కనెక్షన్: ఒక రిక్వెస్ట్ ముగిసినా కనెక్షన్‌ను మూసివేయకుండా ఉంచి, తర్వాతి రిక్వెస్ట్‌కు దాన్నే ఇవ్వడం. దీని ప్రయోజనం వేగమని అందరూ చెబుతారు, అది నిజమే. అయితే కనెక్షన్‌ను నిలిపి ఉంచినప్పుడు డేటాబేస్‌లో పరిమితంగా ఉన్న ఒక స్థానం కూడా ఆక్రమణలోనే ఉంటుంది, ఆ సెషన్‌లో పేరుకున్న స్థితి కూడా తర్వాతి రిక్వెస్ట్‌కు సంక్రమిస్తుంది. వేగం గురించి ఆలోచించినంతగా ఈ రెండింటి గురించి ఆలోచించకపోవడం వల్లనే పర్సిస్టెంట్ కనెక్షన్లు ఎక్కువగా ఇబ్బంది పెడతాయి.

ముందుగా కొత్త కనెక్షన్ తెరవడానికి ఎంత ఖర్చవుతుందో చూడాలి. వెబ్ సర్వర్ ఒక యంత్రం మీద, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వర్ మరో యంత్రం మీద ఉన్నాయనుకుందాం. మొదట టీసీపీ హ్యాండ్‌షేక్ (రెండు యంత్రాలూ సందేశాలు ఇచ్చిపుచ్చుకొని కనెక్షన్‌ను ఏర్పరచుకోవడం) జరగాలి. అందుకు నెట్‌వర్క్‌లో ఒకసారి వెళ్లిరావాలి. ఎన్‌క్రిప్షన్ కావాలంటే, సర్వర్ దానికి సిద్ధమేనా అని అడగడానికి మరోసారి, టీఎల్‌ఎస్ 1.3 హ్యాండ్‌షేక్‌కు ఇంకోసారి. ఆపైన యూజర్ పేరు, డేటాబేస్ పేరు పంపితే సర్వర్ ఏ పద్ధతిలో గుర్తింపు చూపాలో చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 14 నుంచి పాస్‌వర్డ్‌లకు డిఫాల్ట్‌గా ఉన్న స్క్రామ్ పద్ధతిలో ఇంకా రెండుసార్లు సందేశాలు ఇచ్చిపుచ్చుకోవాలి. మొత్తం మీద మొదటి క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) బయలుదేరకముందే ఆరుసార్లు వెళ్లిరావలసి వస్తుంది. రెండు యంత్రాల మధ్య ఒకసారి వెళ్లిరావడానికి అర మిల్లీసెకను పడితే ఇది మూడు మిల్లీసెకన్లు. అవి వేర్వేరు నగరాల డేటా సెంటర్లలో ఉండి 20 మిల్లీసెకన్లు పడితే 120 మిల్లీసెకన్లు. ఇండెక్స్ సాయంతో ఒక వరుసను వెతికిపెట్టే క్వెరీ ఒక మిల్లీసెకను లోపే పూర్తి కాగలదన్నది గుర్తుంచుకుంటే ఈ నిష్పత్తి ఎంత అసంగతమో తెలుస్తుంది.

నెట్‌వర్క్ జాప్యంతో ఖర్చు ముగియదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ప్రతి కనెక్షన్‌కూ ప్రధాన ప్రాసెస్ ఒక కొత్త ప్రాసెస్‌ను ఫోర్క్ చేస్తుంది, అంటే తన నకలుగా పుట్టిస్తుంది. ఆ కొత్త ప్రాసెస్ టేబుళ్ల నిర్మాణానికి సంబంధించిన సమాచారాన్ని తన సొంత క్యాష్‌లో మొదటి నుంచి నింపుకోవాలి. అందుకే కొత్త కనెక్షన్ మీద నడిచే మొదటి క్వెరీ అదే కనెక్షన్ మీద తర్వాత నడిచే వాటికంటే కొంత నెమ్మదిగా ఉంటుంది. మరో డేటాబేస్ సర్వర్ అయిన మైఎస్‌క్యూఎల్ కనెక్షన్‌కు ఒక ప్రాసెస్‌కు బదులు ప్రాసెస్ లోపలే నడిచే ఒక థ్రెడ్‌ను కేటాయిస్తుంది, ఖాళీ అయిన థ్రెడ్లను దాచుకొని మళ్లీ వాడుకుంటుంది కాబట్టి అక్కడ ఈ ఖర్చు తక్కువ. వెబ్ సర్వర్ వైపు మరో ఇబ్బంది ఉంది. టీసీపీ కనెక్షన్‌ను ముందుగా మూసిన పక్షం ఆ పోర్టును (కనెక్షన్ కొసను గుర్తించే సంఖ్యను) కొంతకాలం పక్కన పెట్టాలి. లినక్స్‌లో ఆ కాలం 60 సెకన్లు. బయటికి వెళ్లే కనెక్షన్లకు లినక్స్ మామూలుగా వాడే పోర్టులు 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232. ఒకే డేటాబేస్ చిరునామాకు సెకనుకు సుమారు 470కి మించి కనెక్షన్లు తెరిచి మూస్తూ పోతే, పోర్టుల పునర్వినియోగానికి ప్రత్యేక ఏర్పాటు లేని యంత్రంలో అవి నిండుకుంటాయి. రద్దీ పెరిగినప్పుడు డేటాబేస్ ఖాళీగానే ఉన్నా అప్లికేషన్ దాన్ని చేరలేకపోతుంది.

ఇక పర్సిస్టెంట్ కనెక్షన్ నిజంగా ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న. వెబ్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ భాష విషయంలో దీన్ని స్పష్టంగా చూడవచ్చు. సీజీఐ పద్ధతిలో ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక కొత్త ప్రాసెస్ పుట్టి, పని ముగియగానే పోతుంది. ప్రాసెస్‌తోపాటు అది తెరిచిన సాకెట్లన్నీ (నెట్‌వర్క్ కనెక్షన్ల కొసలు) మూసుకుపోతాయి కాబట్టి అక్కడ పర్సిస్టెంట్ కనెక్షన్ అన్న మాటకే అర్థం లేదు. అపాచీ వెబ్ సర్వర్‌లో మాడ్యూల్‌గా నడిచినప్పుడు గాని, పీహెచ్‌పీ ప్రాసెస్‌లను నిర్వహించే ఎఫ్‌పీఎం ద్వారా నడిచినప్పుడు గాని వర్కర్ ప్రాసెస్ ఒక రిక్వెస్ట్ తర్వాత మరొకటిగా వందల రిక్వెస్టులకు సేవ చేస్తుంది. స్క్రిప్టు ముగిసినప్పుడు దాని వేరియబుళ్లు, వస్తువులు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పర్సిస్టెంట్‌గా తెరిచిన కనెక్షన్ మాత్రం వర్కర్ సొంత మెమరీలోని ఒక పట్టికలో మిగిలి ఉంటుంది. ఆ పట్టికలో దాన్ని వెతికే తాళపుచెవి సర్వర్ చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ వంటి వివరాల కలయిక. తర్వాతి స్క్రిప్టు అవే వివరాలతో కనెక్షన్ అడిగితే కొత్తది తెరవకుండా పాతదే చేతికి వస్తుంది. వివరాలలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే కనెక్షన్ అవుతుంది.

ఇక్కడొక అపోహను తొలగించాలి. పర్సిస్టెంట్ కనెక్షన్ వెబ్‌సైట్ వినియోగదారుడికి చెందినది కాదు. ఒక వ్యక్తి ఇప్పుడు పంపిన రిక్వెస్ట్‌ను ఒక వర్కర్, మరుక్షణం పంపినదాన్ని మరో వర్కర్ అందుకోవచ్చు. ఆ రెండు వర్కర్ల దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు కనెక్షన్లు. ఒక పేజీలో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, వినియోగదారుడు ఫారం నింపాక మరో పేజీలో దాన్ని ముగిద్దామన్న ఆలోచన అందుకే సాధ్యపడదు. పర్సిస్టెంట్ కనెక్షన్ వల్ల అప్లికేషన్‌కు ఏ కొత్త సామర్థ్యమూ రాదు. మామూలు కనెక్షన్‌తో చేయలేనిది దీనితోనూ చేయలేము. సరిగ్గా రాసిన ప్రోగ్రాంలో ఒకదాని స్థానంలో మరొకటి పెట్టినా ఫలితం మారకూడదు. మారిందంటే ఎక్కడో ఒక రిక్వెస్ట్ తనకు తెలియకుండానే గత రిక్వెస్ట్ మిగిల్చినదాని మీద ఆధారపడుతోందన్నమాట.

ప్రతి వర్కర్‌కూ సొంత కనెక్షన్ ఉండే ఈ పద్ధతిలో అసలు చిక్కు లెక్కలో ఉంది. పది వెబ్ సర్వర్లు, ఒక్కొక్కదాని మీద 50 వర్కర్లు ఉన్నాయనుకుంటే, కాలక్రమంలో ప్రతి వర్కర్ కనీసం ఒక కనెక్షన్ తెరిచి పట్టుకుంటుంది కాబట్టి డేటాబేస్ మీద 500 కనెక్షన్లు నిలుస్తాయి. చదవడానికి ఒక యూజర్, రాయడానికి మరో యూజర్ అని విడదీస్తే అవి వెయ్యి అవుతాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో డిఫాల్ట్ పరిమితి 100. అందులో మూడు నిర్వాహకుల కోసం వేరుగా ఉంచుతారు. మైఎస్‌క్యూఎల్‌లో అది 151. పరిమితి దాటిన తర్వాత వచ్చిన కనెక్షన్‌ను డేటాబేస్ నిరాకరిస్తుంది. విచిత్రంగా అనిపించేదేమంటే, ఆ సమయంలో డేటాబేస్ ప్రాసెసర్ దాదాపు ఖాళీగానే ఉండవచ్చు: 500 వర్కర్లలో 470 మంది టెంప్లేట్లు కూర్చడంలోనో, చిత్రాల పరిమాణం మార్చడంలోనో, అసలు రిక్వెస్టే లేకనో ఉండి, తమ కనెక్షన్లను వాడకుండా ఉంచుకొని కూర్చుంటే, నిజంగా క్వెరీ నడపవలసిన కొత్త సర్వర్‌కు చోటు దొరకదు. రిక్వెస్ట్ చివర కనెక్షన్ మూసివేసే పద్ధతిలో రద్దీ తగ్గినప్పుడల్లా ఈ సంఖ్య తనంతట తానే తగ్గుతుంది. నిలిపి ఉంచే పద్ధతిలో అది ఒకసారి చేరిన శిఖరం దగ్గరే ఉండిపోతుంది.

పరిమితిని పెంచితే సరిపోతుందని చాలామంది భావిస్తారు. పనిలేని కనెక్షన్ కూడా ఉచితం కాదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో అది ఒక పూర్తి ప్రాసెస్. ఎక్కువ కాలం నిలిచి, ఎన్నో టేబుళ్లను తాకిన కనెక్షన్ క్యాష్ పెరుగుతూ పోతుంది కాబట్టి మెమరీ కూడా పెరుగుతుంది. 14వ వెర్షన్‌కు ముందు ప్రతి క్వెరీ తన స్నాప్‌షాట్ (ఆ క్షణంలో తనకు ఏ డేటా కనిపించాలో తేల్చే చిత్రం) తీసుకోవడానికి తెరిచి ఉన్న కనెక్షన్లన్నింటినీ పరికించవలసి వచ్చేది. అంటే పని చేస్తున్నవి కొన్నే అయినా, పనిలేకుండా ఉన్నవి వాటిని నెమ్మదింపజేసేవి. 2021లో వచ్చిన 14వ వెర్షన్ ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. అయినా మరో ప్రమాదం మిగిలే ఉంది: పనిలేని వందల కనెక్షన్లు ఏదో ఒక క్షణంలో అన్నీ ఒకేసారి క్వెరీలు పంపగలవు. ఎనిమిది కోర్ల యంత్రం మీద 500 క్వెరీలు ఒకేసారి నడిస్తే, అవి ప్రాసెసర్ కోసం, లాకుల కోసం, డిస్కు కోసం పరస్పరం పోటీపడి అన్నీ ఆలస్యమవుతాయి. పరిమితి అన్నది నిజానికి డేటాబేస్‌కు రక్షణ కవచం; దాన్ని ఎత్తివేసే ముందు దాని వెనుక ఏముందో చూసుకోవాలి.

సెషన్ స్థితి సంగతి ఇంతకంటే సూక్ష్మమైనది, నా అభిప్రాయంలో ఇంతకంటే ప్రమాదకరమైనది కూడా. ఒక డేటాబేస్ సెషన్‌లో మిగిలిపోగలిగేవి ఎన్నో ఉన్నాయి: ముగియని ట్రాన్సాక్షన్, విడుదల చేయని టేబుల్ లాకు, తాత్కాలిక టేబుల్, మార్చిన టైమ్‌జోన్, అక్షరాల ఎన్‌కోడింగ్, ఐసోలేషన్ స్థాయి (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లలో ఒకదాని మార్పులు మరొకదానికి ఎంతవరకు కనిపించాలన్నది), సెషన్ వేరియబుళ్లు, ముందుగా సిద్ధం చేసిన స్టేట్‌మెంట్లు. కనెక్షన్ మూసినప్పుడు ఇవన్నీ సర్వర్ దానంతటదే తుడిచివేస్తుంది. ఆ శుభ్రత ఎంత విలువైనదో, అది లేకుండా పోయినప్పుడే తెలుస్తుంది. స్క్రిప్టు ఒక టేబుల్‌ను లాక్ చేసి, దాన్ని విడిచేలోపే దోషంతో మధ్యలో ఆగిపోయిందనుకుందాం. మామూలు కనెక్షన్ అయితే సాకెట్ మూసుకుంటుంది, లాకు విడుదలవుతుంది. పర్సిస్టెంట్ కనెక్షన్‌లో సాకెట్ తెరిచే ఉంటుంది కాబట్టి డేటాబేస్ దృష్టిలో ఆ సెషన్ సజీవంగానే ఉంది, లాకు కూడా ఉంది. ఆ టేబుల్ కోసం వచ్చిన మిగతా వర్కర్లన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. అదే వర్కర్ మళ్లీ ఆ కనెక్షన్‌ను అందుకొని ఏదో ఒకటి చేసేవరకో, ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేసేవరకో పరిస్థితి మారదు.

పీహెచ్‌పీ పాత మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌టెన్షన్‌లోని పర్సిస్టెంట్ కనెక్షన్‌కు చెడ్డపేరు రావడానికి కారణం ఇదే. అది పాత కనెక్షన్‌ను ఉన్నదున్నట్టుగా తర్వాతి స్క్రిప్టుకు అప్పగించేది. మైఎస్‌క్యూఎల్‌ఐ ఎక్స్‌టెన్షన్‌లో చాలాకాలం ఈ సౌకర్యమే లేదు; 2009లో పీహెచ్‌పీ 5.3తో వచ్చినప్పుడు, తిరిగి వాడే ముందు శుభ్రపరచే దశతో కలిసి వచ్చింది. ముగియని ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తిప్పడం, తాత్కాలిక టేబుళ్లను తొలగించడం, లాకులు విడవడం, సెషన్ వేరియబుళ్లను మొదటి స్థితికి తేవడం ఆ దశలో జరుగుతాయి. ఇందుకు యూజర్‌ను మార్చే ఆదేశాన్నే ఉపయోగించుకుంటారు కాబట్టి ప్రతిసారీ గుర్తింపు ప్రక్రియ మళ్లీ నడుస్తుంది, ఆదా చేసిన సమయంలో కొంత తిరిగి ఖర్చవుతుంది. తర్వాత మైఎస్‌క్యూఎల్ 5.7లో మళ్లీ లాగిన్ కాకుండానే సెషన్‌ను శుభ్రపరచే ప్రత్యేక ఆదేశం వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈ పనికి డిస్కార్డ్ ఆల్ అన్న ఆదేశం ఉంది. పాత ఎక్స్‌టెన్షన్‌ను 2015లో పీహెచ్‌పీ 7.0 నుంచి పూర్తిగా తొలగించారు.

ఒకే డేటాబేస్‌లో అనేక సంస్థల సమాచారాన్ని ఉంచి, వరుసల స్థాయిలో భద్రతా నియమాలతో వేరుచేసే అప్లికేషన్లకు ఇది గోప్యతకు సంబంధించిన విషయమవుతుంది. ఇలాంటి వాటిలో రిక్వెస్ట్ మొదట్లో ప్రస్తుత సంస్థ ఏదో ఒక సెషన్ వేరియబుల్‌లో రాస్తారు. భద్రతా నియమం దాన్ని చూసి ఏ వరుసలు కనిపించాలో తేలుస్తుంది. ఒక రిక్వెస్ట్ ఏదో కారణాన ఆ వేరియబుల్‌ను మార్చకుండా క్వెరీ నడిపితే, అంతకుముందు అదే కనెక్షన్‌ను వాడినవారి సంస్థ పేరు అందులో మిగిలి ఉండి, వారి సమాచారం వీరికి కనిపిస్తుంది. పరీక్షించేటప్పుడు ఒకే వ్యక్తి వాడతాడు కాబట్టి ఈ దోషం బయటపడదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఆ విలువను సెట్ లోకల్ అన్న ఆదేశంతో ఇస్తే అది ఆ ట్రాన్సాక్షన్‌తోనే అంతరించిపోతుంది. విలువ లేనప్పుడు ఒక్క వరుస కూడా కనిపించకుండా నియమాన్ని రాస్తే మరచిపోయిన చోట ఖాళీ ఫలితం వస్తుందే తప్ప పరాయివారి సమాచారం రాదు. శుభ్రపరచే ఆదేశం మీద మాత్రమే భారం వేయడం కంటే ఇది దృఢమైన పద్ధతి.

వర్కర్‌కు ఒక కనెక్షన్ అన్న పద్ధతిలోని వృథాను తగ్గించేది పూల్. ఒకే ప్రాసెస్‌లో అనేక థ్రెడ్లు నడిచే జావా, గో వంటి వాతావరణాల్లో కనెక్షన్లను ఎవరికీ శాశ్వతంగా ఇవ్వకుండా ఒకచోట ఉంచుతారు. క్వెరీ నడపవలసినప్పుడు థ్రెడ్ ఒకదాన్ని తీసుకొని, పని కాగానే తిరిగి ఇస్తుంది. ఇందువల్ల కావలసిన కనెక్షన్ల సంఖ్య థ్రెడ్ల సంఖ్యతో ముడిపడి ఉండదు. ఏ క్షణంలోనైనా డేటాబేస్ పనిలో ఉన్నవారి సంఖ్యతోనే ముడిపడుతుంది. క్యూల సిద్ధాంతంలో 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇక్కడ సూటిగా వర్తిస్తుంది: సెకనుకు వచ్చే పనుల సంఖ్యను, ఒక్కో పని కనెక్షన్‌ను పట్టుకొని ఉండే సగటు సమయంతో గుణిస్తే సగటున వాడుకలో ఉండే కనెక్షన్ల సంఖ్య వస్తుంది. సెకనుకు వెయ్యి రిక్వెస్టులు, ఒక్కొక్కటి ఐదు మిల్లీసెకన్లు అయితే సగటున కావలసినవి ఐదే. హెచ్చుతగ్గుల కోసం కొంత మిగులు పెట్టుకున్నా ఇది చాలామంది ఊహించే సంఖ్య కంటే ఎంతో చిన్నది.

పూల్ పరిమాణం విషయంలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వికీ ఇచ్చే ప్రారంభ సూత్రం డేటాబేస్ యంత్రంలోని కోర్ల సంఖ్యకు రెట్టింపు, దానికి పనిలో ఉన్న డిస్కుల సంఖ్య కలపడం. తిరిగే డిస్కుల కాలపు సూత్రమైనా అది చూపే దిశ సరైనదే: ఎనిమిది కోర్ల యంత్రానికి ఇరవై లోపు కనెక్షన్లతో మొదలుపెట్టి, కొలుస్తూ మార్చుకోవాలి. జావాలో విరివిగా వాడే హికారీసీపీ అనే పూల్ లైబ్రరీ డిఫాల్ట్ పరిమాణం పది. గో భాష ప్రామాణిక లైబ్రరీ డిఫాల్టులు మాత్రం జాగ్రత్తగా చూడదగినవి. అందులో తెరవగల కనెక్షన్లకు పరిమితి లేదు, ఖాళీగా ఉంచుకునేవి మాత్రం రెండే. రద్దీ వచ్చినప్పుడు అది ఎన్నో కనెక్షన్లు తెరిచి, పని కాగానే రెండింటిని మాత్రమే ఉంచుకొని మిగతావి మూసేస్తుంది. పూల్ ఉందన్న భ్రమ ఉంటుంది గాని, తెరవడం మూయడం అనే పాత ఖర్చు అలాగే కొనసాగుతుంది. ఈ రెండు సంఖ్యలనూ దగ్గరదగ్గరగా పెట్టడం ఉత్తమం.

చిన్న పూల్‌లో ఒక ప్రతిష్టంభన పొంచి ఉంటుంది. ఒక థ్రెడ్ ఒక కనెక్షన్‌ను పట్టుకొని ఉండగానే, లోపలి ఫంక్షన్ ఏదో రెండో కనెక్షన్ అడిగే కోడ్ ఉందనుకుందాం. ఎనిమిది థ్రెడ్లు, ఎనిమిది కనెక్షన్లు ఉన్నప్పుడు అందరూ ఒక్కొక్కటి తీసుకొని రెండోదాని కోసం ఎదురుచూస్తే ఎవరి పనీ సాగదు. థ్రెడ్ల సంఖ్యను, ఒక్కొక్కరికి ఒకేసారి కావలసినవాటిలో ఒకటి తగ్గించి వచ్చిన సంఖ్యతో గుణించి, దానికి ఒకటి కలిపితే ఈ ప్రతిష్టంభన రాని కనీస పరిమాణం తేలుతుంది. పై ఉదాహరణలో అది తొమ్మిది. అయితే పరిమాణం పెంచడం కంటే, ఒక రిక్వెస్ట్ ఒకే కనెక్షన్‌తో పని ముగించేలా కోడ్‌ను సరిచేయడమే మేలు.

వెబ్ సర్వర్లు పెరిగేకొద్దీ ప్రాసెస్ లోపలి పూల్ కూడా చాలదు, ఎందుకంటే ఒక ప్రాసెస్ పూల్‌లో ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను మరో ప్రాసెస్ వాడుకోలేదు. అక్కడ డేటాబేస్‌కూ అప్లికేషన్లకూ మధ్య నిలబడే ప్రత్యేక పూలర్ అవసరమవుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు పీజీబౌన్సర్, మైఎస్‌క్యూఎల్‌కు ప్రాక్సీఎస్‌క్యూఎల్ ఈ పని చేస్తాయి. పీజీబౌన్సర్ మూడు రీతుల్లో నడుస్తుంది. సెషన్ రీతిలో క్లయింట్ ఉన్నంతసేపూ అసలు కనెక్షన్ దానిదే. ఎప్పుడూ తెరిచి ఉంచే క్లయింట్లకు దీనివల్ల ఒరిగేది తక్కువ. ట్రాన్సాక్షన్ రీతిలో ఒక ట్రాన్సాక్షన్ ముగియగానే అసలు కనెక్షన్ మరొకరికి పోతుంది కాబట్టి వేల క్లయింట్లను పదుల కనెక్షన్లతో నడపవచ్చు. స్టేట్‌మెంట్ రీతి ఒక్కో స్టేట్‌మెంట్‌కే పరిమితం, దాని వాడుక అరుదు.

ట్రాన్సాక్షన్ రీతి ఇచ్చే లాభానికి తగిన మూల్యం ఉంది. సెషన్‌కు చెందిన సౌకర్యాలేవీ నమ్మదగినవి కావు: సెట్ చేసిన విలువలు, నోటిఫికేషన్ల కోసం వినడం, అప్లికేషన్ తన అవసరానికి తానే వేసుకునే సెషన్ స్థాయి అడ్వైజరీ లాకులు, ట్రాన్సాక్షన్ దాటి నిలిచే తాత్కాలిక టేబుళ్లు అన్నీ ఇంకొకరి కనెక్షన్‌లో పడిపోవచ్చు. డిస్కార్డ్ ఆల్ కూడా ఈ రీతిలో డిఫాల్ట్‌గా నడవదు. ముందుగా సిద్ధం చేసిన స్టేట్‌మెంట్లకు కూడా ఇదే గతి పట్టేది. 2023లో వచ్చిన 1.21 వెర్షన్ ప్రోటోకాల్ స్థాయిలో సిద్ధం చేసేవాటిని గుర్తుపెట్టుకొని ఏ కనెక్షన్‌లో కావాలంటే అక్కడ తిరిగి సిద్ధం చేయడం మొదలుపెట్టింది. కాబట్టి ఈ రీతికి మారేముందు అప్లికేషన్ సెషన్ మీద ఎక్కడెక్కడ ఆధారపడుతోందో వెతకడం తప్పనిసరి. ఆ వెతుకులాట పూర్తికాకుండా పూలర్‌ను ప్రవేశపెడితే వచ్చే దోషాలు ఎప్పుడో ఒకసారి, రద్దీలో మాత్రమే కనిపిస్తాయి, వాటిని పట్టుకోవడం చాలా కష్టం.

నిలిపి ఉంచిన కనెక్షన్ ఎప్పటికైనా చనిపోతుంది, అది చనిపోయిన సంగతి పట్టుకున్నవారికి వెంటనే తెలియకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్ 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు పనిలేని కనెక్షన్‌ను డిఫాల్ట్‌గా మూసివేస్తుంది. రాత్రంతా రద్దీ లేని వెబ్‌సైట్‌లో ఉదయం వచ్చిన మొదటి రిక్వెస్ట్ విఫలమై, రెండోది పనిచేయడం వెనుక తరచుగా ఉండే కారణం ఇదే. మధ్యలో ఫైర్‌వాల్ గాని, నెట్‌వర్క్ చిరునామాలు మార్చే గేట్‌వే గాని ఉంటే గడువు ఇంకా చిన్నది. అమెజాన్ నాట్ గేట్‌వేలో అది 350 సెకన్లు. కనెక్షన్ బతికే ఉందో లేదో అడిగే లినక్స్ టీసీపీ కీపలైవ్ మాత్రం డిఫాల్ట్‌గా 7,200 సెకన్ల తర్వాతే మొదటి పలకరింపు పంపుతుంది కాబట్టి ఆ గడువును అది కాపాడలేదు. కొన్ని పరికరాలు కనెక్షన్‌ను మరచిపోయి, ఆ తర్వాత వచ్చిన ప్యాకెట్లను మౌనంగా పారవేస్తాయి. అప్పుడు క్వెరీ పంపిన వర్కర్‌కు దోషం కూడా రాదు. లినక్స్ డిఫాల్ట్ పునఃప్రయత్నాల ప్రకారం సుమారు పదిహేను నిమిషాల పాటు సమాధానం కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. కీపలైవ్ గడువును తగ్గించడం, డ్రైవర్‌లో రీడ్ టైమ్‌అవుట్ పెట్టడం ఇందుకు విరుగుడు.

కనెక్షన్‌ను ఇచ్చేముందు బతికి ఉందో లేదో చూడడం మరో జాగ్రత్త. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగో 1.6లో కనెక్షన్‌ను ఎంతకాలం ఉంచాలో చెప్పే సెట్టింగ్ వచ్చింది, దాని డిఫాల్ట్ సున్నా, అంటే రిక్వెస్ట్ చివర మూసివేయడం. తిరిగి వాడే ముందు పరీక్షించే సెట్టింగ్ 4.1లో వచ్చింది. ఈ పరీక్షకు ఒకసారి వెళ్లిరావలసి ఉన్నా సాధారణంగా అది పెట్టదగిన ఖర్చే. అయినా పరీక్షకూ అసలు క్వెరీకీ మధ్య కనెక్షన్ తెగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. తెగినప్పుడు మళ్లీ ప్రయత్నించడంలో విచక్షణ కావాలి: చదివే క్వెరీని నిశ్చింతగా తిరిగి పంపవచ్చు, కానీ కమిట్ (ట్రాన్సాక్షన్‌ను ఖాయం చేసే ఆదేశం) పంపిన తర్వాత సమాధానం రాకముందే తెగిపోతే ఆ ట్రాన్సాక్షన్ నమోదైందో లేదో తెలియదు. దాన్ని గుడ్డిగా తిరిగి నడిపితే ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదు కావచ్చు. ఒక్కో పనికి విశిష్టమైన గుర్తింపు సంఖ్య ఇచ్చి, దానిమీద ఒకే విలువ రెండుసార్లు రానివ్వని యూనిక్ నియమం పెట్టడమే ఇక్కడ నమ్మదగిన మార్గం.

కనెక్షన్‌కు గరిష్ఠ ఆయుష్షు విధించడం వల్ల ఇంకో మేలు ఉంది. చదివే భారాన్ని పంచుకోవడానికి కొత్త రెప్లికాను (డేటాబేస్ ప్రతిని) చేర్చినప్పుడు, పాత కనెక్షన్లు పాత రెప్లికాలనే పట్టుకొని ఉంటే కొత్తది ఖాళీగా కూర్చుంటుంది. ప్రధాన డేటాబేస్ మారినప్పుడు కూడా, పేరుకు తగిన చిరునామా చెప్పే డీఎన్‌ఎస్‌లో చిరునామా మారుతుంది గాని, ఇప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ డీఎన్‌ఎస్‌ను మళ్లీ చూడదు. చదవడానికి మాత్రమే మారిపోయిన పాత సర్వర్‌కు రాతలు పంపుతూ దోషాలు అందుకుంటూ ఉంటుంది. హికారీసీపీలో ఈ ఆయుష్షు డిఫాల్ట్‌గా 30 నిమిషాలు, అన్ని కనెక్షన్లూ ఒకేసారి ముగియకుండా ఒక్కొక్కదానికి కొద్దిపాటి తేడా పెడుతుంది.

పైథాన్, రూబీ సర్వర్లలో అప్లికేషన్‌ను ముందుగా లోడ్ చేసి ఆపైన వర్కర్లను ఫోర్క్ చేసే ఏర్పాటు ఉన్నప్పుడు, ఫోర్క్‌కు ముందే కనెక్షన్ తెరవకుండా చూసుకోవాలి. ఫోర్క్ తర్వాత పిల్ల ప్రాసెస్‌లన్నింటి చేతిలో ఒకే సాకెట్ ఉంటుంది. ఇద్దరు ఒకేసారి రాస్తే ప్రోటోకాల్ సందేశాలు కలగాపులగమై, ఒకరి ఫలితం మరొకరికి చేరవచ్చు. పిల్ల ప్రాసెస్ మొదలయ్యాకే కనెక్షన్ తెరవాలన్న నియమానికి మినహాయింపు లేదు.

ఇంత సంక్లిష్టత అన్నిచోట్లా అవసరమా అంటే కాదు. డేటాబేస్ అదే యంత్రం మీద ఉండి యూనిక్స్ సాకెట్ ద్వారా చేరుతున్నప్పుడు, ముఖ్యంగా అది మైఎస్‌క్యూఎల్ అయినప్పుడు, ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త కనెక్షన్ తెరవడం చాలా వెబ్‌సైట్లకు ఏ లోటూ చేయదు. శుభ్రమైన సెషన్ ఉచితంగా దొరుకుతుంది. ఎన్‌క్రిప్షన్‌తో, దూరపు యంత్రంలో, ప్రాసెస్‌ను ఫోర్క్ చేసే డేటాబేస్ ఉన్నప్పుడు నిలిపి ఉంచడం దాదాపు తప్పనిసరి. ఈ రెండింటి మధ్య ఉన్నవారు ముందుగా కనెక్షన్ తెరవడానికి పడుతున్న సమయాన్ని కొలిచి, మొత్తం రిక్వెస్ట్ సమయంలో అది ఎంత భాగమో చూసుకోవాలి.

నిలిపి ఉంచాలని నిర్ణయించుకున్నాక కనెక్షన్లు ఏ స్థితిలో ఉన్నాయో గమనిస్తూ ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ అన్న వ్యూ ప్రతి కనెక్షన్ స్థితినీ చూపిస్తుంది. ఎక్కువ భాగం ఐడిల్ అని ఉంటే పూల్ అవసరానికి మించి పెద్దదని అర్థం. ఎక్కువ భాగం యాక్టివ్ అని ఉండి ప్రాసెసర్ నిండి ఉంటే పూల్‌ను పెంచడం వల్ల ప్రయోజనం ఉండదు, క్వెరీలను చూడాలి. అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసింది ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అన్న స్థితి. ట్రాన్సాక్షన్ తెరిచి, క్వెరీ ఏదీ నడపకుండా కూర్చున్న కనెక్షన్ లాకులను పట్టుకొని ఉండగలదు, పనికిరాని పాత వరుసలను వాక్యూమ్ అనే శుభ్రపరచే ప్రక్రియ తొలగించకుండా అడ్డుపడగలదు. 9.6 వెర్షన్ నుంచి అలాంటివాటిని గడువు తర్వాత తెంచే సెట్టింగ్ ఉంది, కానీ డిఫాల్ట్‌గా అది పనిచేయదు. వెబ్ అప్లికేషన్ యూజర్‌కు కొన్ని సెకన్ల గడువు పెట్టడం మంచిది. ఈ స్థితి పదేపదే కనిపిస్తే కోడ్‌లో వెతకవలసింది ట్రాన్సాక్షన్ మధ్యలో బయటి సేవకు పంపే హెచ్‌టీటీపీ పిలుపు. ఆ సేవ రెండు సెకన్లు తీసుకుంటే కనెక్షన్ రెండు సెకన్లూ బందీగా ఉంటుంది. లిటిల్ సూత్రంలో ఐదు మిల్లీసెకన్ల స్థానంలో 2,005 వేసి చూస్తే, ఐదు కనెక్షన్లతో జరిగే పనికి రెండువేలకు పైగా ఎందుకు కావలసి వస్తున్నాయో తెలుస్తుంది. బయటి సేవను ముందుగా పిలిచి, సమాధానం చేతికి వచ్చాకే పూల్ నుంచి కనెక్షన్ తీసుకొని ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేలా ఆ కోడ్ క్రమాన్ని మార్చాలి. పిలుపు ఫలితం ట్రాన్సాక్షన్ తర్వాతే అవసరమైతే, చేయవలసిన పనిని ఒక టేబుల్‌లో నమోదు చేసి కమిట్ చేసి, ఆ పిలుపును వేరే వర్కర్‌కు అప్పగించాలి.